పలక బరువు, పాట బరువు

మార్కాపురం పేరు చెప్పగానే తెలుగు బడుల్లో అక్షరాలు దిద్దుకున్నవారికి పలక గుర్తుకు వస్తుంది. చేతపట్టుకుని తిరిగే పాటల యంత్రాల చరిత్ర రాయబూని పలక ముచ్చటతో మొదలుపెట్టడమేమిటని చదువరులు విసుక్కోవద్దు. ఆ యంత్రాల రూపకర్తలు టోక్యోలోను, కాలిఫోర్నియాలోను పడిన తర్జనభర్జన అంతా మార్కాపురంలో ఉలి పట్టిన మనిషి ఏనాడో పడ్డాడు. రాతిని ఎంత పలుచగా చీలిస్తే పిల్లవాడు మోయగలడు? ఎంత మందంగా ఉంచితే కింద పడ్డా పగలకుండా ఉంటుంది?

కంభం, మార్కాపురం ప్రాంతాల పలకరాయి భూవిజ్ఞానులు కడప సముదాయమని పిలిచే అతిప్రాచీన శిలల్లో భాగం. నీటి అడుగున పేరుకున్న మెత్తని బురద, కొండలు పుట్టిన కాలపు ఒత్తిడికి నలిగి, పొరలు పొరలుగా విడివడే గుణం సంపాదించుకుంది. ఆ గుణమే ఈ ఊరికి అన్నం పెట్టింది. సరదాకు ఒక లెక్క వేశాను. ఏడంగుళాల వెడల్పు, పదంగుళాల పొడవు, మూడు మిల్లీమీటర్ల మందం గల రాతిబిల్ల సుమారు 370 గ్రాములు తూగుతుంది. కొయ్యచట్రం బరువు అదనం. 1979లో సోనీ సంస్థ తెచ్చిన మొదటి వాక్‌మన్ బరువు సుమారు 390 గ్రాములు. బడిపిల్లవాడి సంచిలోని రాయీ, టోక్యో కుర్రవాడి నడుముకు వేలాడిన పాటల పెట్టే దాదాపు ఒకే తూకమన్నమాట. మనిషి రోజంతా విసుగు లేకుండా మోయగలిగే బరువుకు ఒక హద్దు అక్కడెక్కడో ఉందేమోననిపిస్తుంది.

పలకకు జ్ఞాపకశక్తి లేదు. కొత్త పాఠం రావాలంటే పాతది చెరిగిపోవాలి. కాగితం దాచిపెట్టే పని చేస్తుంది, పలక చెయ్యదు. ఆ ఒక్క సౌకర్యం వదులుకున్నందువల్లనే అది ఏళ్ళ తరబడి ఖర్చు లేకుండా పనిచేసింది. గుర్తుంచుకోవలసిన భారమంతా పిల్లవాడి బుర్ర మీద పడింది. ఎక్కాలు కంఠతా పట్టించడం వెనుక పలక పాత్ర ఎంతో ఎవరైనా పరిశోధిస్తే బాగుండును. మరో భారం ఇంకెవరి మీదనో పడింది. 1988లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాలకార్మిక పథకాన్ని మొదలుపెట్టినప్పుడు మొదటి విడతలో ఎంచుకున్న ప్రాంతాల్లో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు పరిశ్రమలతోపాటు మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఉంది. ఇతరుల పిల్లలు చదువుకునే పలకలను తాము బడి మానుకుని తయారుచేసిన పిల్లలు ఈ నేల మీద ఉండేవారు. ఒక వస్తువు చేతికి తేలికయిందంటే దాని బరువు మాయమైందని కాదు, మరో చోటికి జరిగిందని. పాటల యంత్రాల చరిత్రను నేను ఈ కంటితోనే చూస్తాను.

ఇక పాట సంగతి. మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలోనివి. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పేరు పెట్టారు. అటు సీమ, ఇటు కోస్తా; నడుమ నల్లమల. ఈ భౌగోళికమే ఇక్కడి వినికిడిని కూడా నిర్ణయించింది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. కడపలో 1963లో ప్రసారాలు వచ్చాయి. పటం మీద గీత గీస్తే గిద్దలూరుకు విజయవాడ, హైదరాబాదు రెండూ 220 కిలోమీటర్ల పైచిలుకు దూరం. కడప వంద కిలోమీటర్లు. మీడియం వేవ్ తరంగాలు నేలను అంటిపెట్టుకుని పాకుతాయి కనుక కొండలున్నా ఎంతో కొంత అందేవి. అయితే అందుకోవడానికి రేడియోకు కొంత సత్తా కావాలి.

ఆ సత్తా దగ్గరే తగాదా. ట్రాన్సిస్టరు రేడియో లోపల నల్లని ఫెర్రైటు కడ్డీ ఒకటి ఉంటుంది. దానికి చుట్టిన తీగే మీడియం వేవ్‌కు ఏరియల్. కడ్డీ పొడవు తగ్గితే దూరపు కేంద్రం వినబడదు. స్పీకరు చిన్నదైతే గొంతు కీచుమంటుంది. సెల్లు చిన్నదైతే త్వరగా చస్తుంది. ఈ మూడింటిలో దేన్ని కోసినా పెట్టె చిన్నదవుతుంది, దేన్ని కోసినా వినికిడి చెడుతుంది.

1954 చివర్లో అమెరికాలో రీజెన్సీ టీఆర్-1 అనే రేడియో వచ్చింది. జేబులో పట్టే ట్రాన్సిస్టరు రేడియోల్లో మార్కెట్టుకు వచ్చిన మొదటిది అదే. వెల 49 డాలర్ల 95 సెంట్లు. లోపల నాలుగే ట్రాన్సిస్టర్లు. ధ్వనిలో ఇంటి రేడియోతో ఏ విధంగానూ సరితూగేది కాదు. 1957లో సోనీ టీఆర్-63 వచ్చింది. దాన్ని జేబు రేడియో అని ప్రచారం చేశారు కాని మామూలు చొక్కా జేబులో అది పట్టేది కాదు. అప్పుడు ఆ సంస్థవారు తమ అమ్మకందార్లకు కాస్త పెద్ద జేబులున్న చొక్కాలు కుట్టించి ఇచ్చారని సంస్థ పెద్దలే తర్వాత చెప్పుకున్నారు. యంత్రాన్ని తగ్గించడం చేతకానప్పుడు జేబును పెంచడం! ఈ ఉదంతం చదివినప్పుడల్లా నాకు నవ్వు ఆగదు.

మా ప్రాంతంలో ఆ జేబు రేడియోలు నిలబడలేదు. ఇటుకరాయి కంటె కాస్త పెద్దవి, రెండు మూడు బ్యాండ్లవి, చిల్లుల తోలుతొడుగు వేసి భుజానికి తగిలించుకునేవి నిలిచాయి. మర్ఫీ, బుష్, ఫిలిప్స్ పేర్లు ఆనాటివారికి ఇంటిపేర్లంత పరిచయం. గిద్దలూరు దగ్గరి మా ఊళ్ళో తాతగారి దగ్గర అలాంటిది ఒకటి ఉండేది. పొద్దున్నే దాన్ని అరుగు మీద పెట్టి, కోడిపుంజును తిప్పినట్టు మెల్లగా తిప్పుతూ కేంద్రం ఎటు బాగా పలుకుతుందో చూసేవాడు. కడ్డీ తూర్పు పడమరలకు ఉంటే ఒక ఊరు, ఉత్తర దక్షిణాలకు ఉంటే ఒక ఊరు. విద్యుత్తు లేని ఇళ్ళెన్నో ఉన్న రోజులవి. గోడకు తగిలించే రేడియోకు ఎన్ని సుగుణాలున్నా దానికి తీగ కావాలి. ఆ తీగ ఊరికి రాలేదు. కాబట్టి ఇక్కడ మోసుకుపోగల గుణం అంటే గ్రాముల లెక్క కాదు. కరెంటు స్తంభానికి ఎంత దూరంలో బతకగలదన్నదే లెక్క.

ఆ బతుకు ఖర్చు సెల్లుల్లో ఉండేది. పెద్ద సెల్లు ఒక్కొక్కటి వంద గ్రాములకు దగ్గరగా తూగుతుంది. నాలుగు వేస్తే పెట్టె బరువులో సగం అవే. నీరసించిన సెల్లులను ఎర్రటి ఎండలో ఆరబెట్టి, ఇంకో రెండు రోజులు వార్తలు వినడం అందరికీ తెలిసిన విద్య. వేడికి లోపలి రసాయనచర్య కాస్త చురుకై కొంచెం శక్తి మళ్ళీ వస్తుంది. మా మిద్దె మీద వడియాల పక్కన సెల్లులు ఎండుతూ ఉండడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. రేడియోకు లైసెన్సు కూడా ఉండేది. తపాలా కార్యాలయానికి వెళ్ళి ఏటా రుసుము కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. 1980 దశకంలో ఆ బెడద తొలగింది.

ఇంత శ్రమపడి మోసిన పెట్టెను ఎవరూ ఒంటరిగా వినలేదన్నది నాకు ముఖ్యమైన విషయం. నల్లమల అంచున మేకలు కాసేవాడు మెడకు తగిలించుకున్నా పక్కవాడికి వినిపించేది. పొదిలి, కనిగిరి వైపు పొగాకు బ్యారన్ల దగ్గర రాత్రంతా మంట కాపలా కాసేవారికి నిద్ర రాకుండా ఆపింది ఈ పెట్టెలే. స్పీకరు పెద్దదిగా ఉండడం ఇక్కడ విలాసం కాదు. పదిమందికి ఒక రేడియో ఉన్నప్పుడు అది పదిమందికీ వినబడి తీరాలి.

క్యాసెట్టు కూడా రాజీతో పుట్టిన వస్తువే. 1963లో ఫిలిప్స్ సంస్థ దాన్ని బెర్లిను ప్రదర్శనలో పెట్టేటప్పటికి చక్రాల టేపు యంత్రాలు ఎంతో మెరుగైన ధ్వనినిచ్చేవి. సన్నని టేపు, సెకనుకు అయిదు సెంటీమీటర్లకన్న తక్కువ వేగం. ధ్వని నాణ్యత దెబ్బతినకుండా ఎలా ఉంటుంది? అయినా అరచేతిలో ఇమిడింది, తిరగేసి వేసుకోవచ్చు, చెరిపి మళ్ళీ నింపుకోవచ్చు. చెరపగలగడం పలక నుంచి వచ్చిన గుణమే. 1980 దశకంలో గల్ఫుకు వెళ్ళివచ్చినవారు, ముఖ్యంగా మా పక్క జిల్లా కడప నుంచి వెళ్ళినవారు, తెచ్చిన ‘టూ ఇన్ వన్’లతో మా వైపు కూడా క్యాసెట్టు పట్టు సాధించింది. రేడియో, టేపు కలిపిన ఆ యంత్రం బరువైనది. దాన్ని భుజం మీద మోసుకుని పెళ్ళిళ్ళకు తీసుకుపోయేవారు. ఊరి నాటకం పద్యాలు రికార్డు చేసుకునేవారు. చనిపోయిన పెద్దల గొంతు ఆ టేపుల మీదనే మిగిలిన ఇళ్ళు నాకు తెలుసు.

సరిగ్గా ఆ రికార్డు చేసే గుణాన్నే సోనీవారు తీసి పారేశారు. సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన మసారు ఇబుకా విమాన ప్రయాణాల్లో సంగీతం వినడానికి తమ సంస్థవారిదే ఒక బరువైన టేపు రికార్డరు మోసుకువెళ్ళేవాడు. ఇంకా తేలికైనది చేసిపెట్టమని అడిగాడు. పాత్రికేయుల కోసం చేసిన చిన్న రికార్డరు ‘ప్రెస్‌మన్’ నుంచి ఇంజనీర్లు రికార్డింగు భాగాన్నీ స్పీకరునూ తీసేసి, స్టీరియో వినిపించే భాగం పెట్టారు. రికార్డు చేయలేని టేపు యంత్రాన్ని ఎవరు కొంటారని సంస్థలోనే అనేకులు పెదవి విరిచారు. అధ్యక్షుడు అకియో మొరిటా పట్టుబట్టాడు. 1979 జూలై 1న, 33 వేల యెన్ల ధరకు, వాక్‌మన్ వచ్చింది. ఆ తర్వాతి కథ లోకానికి తెలుసు.

అంతగా తెలియని సంగతి ఒకటుంది. ఆ మొదటి యంత్రానికి ఇయర్‌ఫోన్లు తగిలించే రంధ్రాలు రెండు ఉండేవి. ఇద్దరు కలిసి వినడానికి. నారింజరంగు మీట ఒకటి నొక్కితే పాట తగ్గి, ఇద్దరూ మాట్లాడుకునే వీలుండేది. ఒంటరిగా వినడం మర్యాద కాదని మొరిటాకు అనిపించిందట. కొన్నవాళ్ళకు ఆ శంక లేదు. ఎవరి యంత్రం వారు కొనుక్కున్నారు. కాలక్రమాన రెండో రంధ్రమూ పోయింది, ఆ మీటా పోయింది. మోయడానికి తేలికయిన ప్రతి గ్రాముకూ పక్కన కూర్చున్న మనిషి కొంచెం దూరమయ్యాడు.

మా ఇంటికి వాక్‌మన్ వచ్చిన రోజు చెప్పి తీరాలి. హైదరాబాదులో చదువుకునే మా చిన్నాన్న కొడుకు సెలవులకు తెచ్చాడు. మిద్దె మీద మంచం వేసుకుని, చెవులకు తగిలించుకుని తల ఊపుతున్నాడు. అవ్వ చాలాసేపు చూసి అడిగింది.

“ఏందిరా అబ్బోడా, అది నీ ఒక్కడికే పాడతాదా?”

“చెవులకు పెట్టుకుంటే నీకూ పాడతాది అవ్వా, ఇంద.”

అవ్వ పెట్టుకుంది. రెండు నిమిషాలు విని తీసి ఇచ్చేసింది. “బాగానే ఉండాది. మరి నువ్వు ఇనకపోతివే?” అంది. వాడు బదులు చెప్పలేకపోయాడు. సాంకేతికంగా ఆ ప్రశ్నకు జవాబు రెండో రంధ్రం. అది అప్పటికే లేదు.

తర్వాతి ఇరవై ఏళ్ళను త్వరగా దాటేస్తాను. 1984లో సోనీ డిస్క్‌మన్ వచ్చింది. గుంతల రోడ్డు మీద బస్సు ఊగితే పాట ఎగిరిపోయేది, కనుక మా వైపు దానికి భవిష్యత్తు లేకపోవడం సహజం. 1998లో వచ్చిన రియో పీఎంపీ300 అనే ఎంపీత్రీ యంత్రంలో 32 మెగాబైట్ల చోటు, అంటే అరగంట సంగీతం. అందులో కదిలే భాగమంటూ ఏదీ లేదు కాబట్టి ఎగరదు, చిక్కుపడదు. అయితే అరగంటే.

అసలు పోటీ ఆ మరుసటి రెండు యంత్రాల మధ్య నడిచింది. 2000లో సింగపూరుకు చెందిన క్రియేటివ్ సంస్థ నోమాడ్ జ్యూక్‌బాక్స్ తెచ్చింది. ఆరు గిగాబైట్లు, లోపల ల్యాప్‌టాపు కంప్యూటర్లలో వాడే రెండున్నర అంగుళాల డిస్కు, ఆకారం డిస్క్‌మన్‌లా. 2001 అక్టోబరు 23న యాపిల్ ఐపాడ్ వచ్చింది. అయిదు గిగాబైట్లు మాత్రమే. రేడియో లేదు, రికార్డు చేయలేదు, మొదట్లో మాకింటాష్ కంప్యూటరు ఉన్నవారికి తప్ప పనికిరాదు, వెల 399 డాలర్లు. కాగితం మీద పట్టిక గీస్తే ఓడిపోవలసినది ఐపాడే, ఆనాడు చాలామంది నిపుణులు అలాగే తీర్పు చెప్పారు. కాని అందులో తోషిబా సంస్థ చేసిన 1.8 అంగుళాల చిన్న డిస్కు ఉంది. బరువు 184 గ్రాములు. మన పలకలో సగం. నోమాడ్ చేతిలో పట్టుకోవలసిన వస్తువు, ఐపాడ్ జేబులో వేసుకుని మరచిపోగల వస్తువు.

ఐపాడ్ తేలికదనం వెనుక ఒక సంగతి దాగి ఉంది. పాటలను పేర్చడం, జాబితాలు కట్టడం, పేర్లు దిద్దడం వంటి చాకిరీ అంతా ఇంట్లోని కంప్యూటరుకు అప్పగించి అది చేతులు దులుపుకుంది. బరువు జేబులోంచి బల్ల మీదికి జరిగింది. ఆ బల్లా, ఆ కంప్యూటరూ ఉన్నవారికి ఇది గొప్ప తెలివి. గిద్దలూరులోనో బేస్తవారిపేటలోనో ఆ రోజుల్లో ఎన్ని ఇళ్ళలో కంప్యూటరు ఉండేది? పదిమంది కలిసి వినగల గుణాన్ని మళ్ళీ తేవాలని 2006లో మైక్రోసాఫ్ట్ సంస్థ ‘జూన్’ అనే యంత్రం తెచ్చింది. రేడియో పెట్టింది, గాలిలో ఒకరి పాట ఇంకొకరికి పంపుకునే వీలూ పెట్టింది. కాని పంపిన పాట మూడుసార్లు లేదా మూడు రోజులు వినగానే పలకడం మానేస్తుంది! పెట్టుపోతల్లో ఇంత పిసినారితనం మా వైపు ఏ ఇంట్లోనూ చూడలేదు. 2011లో దాని తయారీ ఆగిపోయింది.

మా ప్రాంతంలో గెలిచినది వీటిలో ఏదీ కాదు. 2008, 2010 ప్రాంతాల్లో చైనా నుంచి వచ్చిన చౌకరకం ఫోన్లు గెలిచాయి. వెనుకవైపు పెద్ద స్పీకర్లు, గోరంత మెమరీ కార్డు, టార్చిలైటు, ఎఫ్.ఎం. రేడియో. అందం తక్కువ, మోత ఎక్కువ. నగరాల్లో వాటిని వెక్కిరించారు. కరెంటు కోతల నడుమ రోజుల తరబడి నిలిచే బ్యాటరీ, పొలంలో నలుగురికీ వినబడే గొంతు కావలసినవాడు మాత్రం తనకు కావలసిన సుగుణాలేవో తానే లెక్క చూసుకుని కొన్నాడు. ఐపాడ్ బల్ల మీద పెట్టిన చాకిరీని ఇక్కడ బజారులోని దుకాణం మోసింది. కార్డు ఇస్తే కొద్దిపాటి రుసుముకు పాటలు ఎక్కించి ఇచ్చేవారు. హక్కుల చట్టం ప్రకారం అది చౌర్యమే, సమర్థించను. కాని తన వీధినాటకం పద్యాలు, తన ఊరి జాతర పాటలు అడిగితే దొరికే దుకాణం అదొక్కటే.

మార్కాపురంలో ఆకాశవాణికి ఎఫ్.ఎం. కేంద్రం ఉంది. ఎఫ్.ఎం. తరంగాలు మీడియం వేవ్‌లా పాకవు, చూపు మేర తిన్నగా పోతాయి, కొండ అడ్డమైతే ఆగిపోతాయి. ఫోనులో దాన్ని వినడానికి ఇయర్‌ఫోను తీగే ఏరియల్. 2016లో యాపిల్ తన ఐఫోను 7లో ఆ తీగ తగిలించే రంధ్రాన్ని ఎత్తివేసింది. తర్వాత ఎన్నో సంస్థలు అదే బాట పట్టాయి. సన్నదనం కోసం రంధ్రం పోయింది, రంధ్రంతో ఏరియల్ పోయింది, ఏరియల్‌తో రేడియో పోయింది. 2023లో కేంద్ర ప్రభుత్వమే ఫోన్ల తయారీదారులకు ఎఫ్.ఎం. రేడియోను మూసిపెట్టవద్దని సూచన జారీ చేయవలసి వచ్చింది. తుపానుల వేళ టవర్లు పడిపోతే వార్త చేరే దారి అదేనన్నది వారు చూపిన కారణాల్లో ఒకటి. తాతగారి రేడియోకు ఈ చింత లేదు, దాని లోపలి కడ్డీ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. స్పీకరు మాత్రం ఎలుకలు కొట్టేశాయి.

2022 మే నెలలో ఐపాడ్ తయారీ ముగిసింది. ఇప్పుడు పాట యంత్రంలో కూడా లేదు. ఎక్కడో దూరాన గిడ్డంగుల వంటి భవనాల్లో ఉండి, అడిగినప్పుడు గాలిలో వస్తుంది. ఇంతకన్న తేలిక ఇంకేముంటుందనిపిస్తుంది, గిద్దలూరులో నంద్యాల రైలు ఎక్కేవరకు. ఒకప్పుడు మీటర్‌గేజీగా ఉన్న గుంటూరు, గుంతకల్లు మార్గం ఇది. దిగువమెట్ట దాటాక బండి నల్లమలలోకి ప్రవేశిస్తుంది. మొన్న నేను వెళ్ళినప్పుడు అక్కడే సిగ్నలు తెగింది. కోట్ల పాటలున్న నా ఫోను మూగపోయింది. పెట్టెలో చాలామంది చేతుల్లోని ఫోన్లదీ అదే గతి. ఎదుటి బల్ల మీద తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఒకరు సంచిలోంచి మెమరీ కార్డు వేసుకునే చిన్న పాటల పెట్టె తీసి, కిటికీ పక్కన నిలబెట్టి, మీట నొక్కాడు. సొరంగం చీకట్లో కూడా అది పలుకుతూనే ఉంది. నా చేతిలోని ఫోను వంక ఒకసారి చూశాడు.

“నీకేం పాట గావాల అబ్బయ్యా?” అన్నాడు.

ఆ కార్డులో ఏమేమి ఉన్నాయో నాకేం తెలుసు? “ఉన్నవాట్లో ఏదన్నా పెట్టు పెద్దాయనా” అన్నాను.